పురుగుల షెడ్డులో పసుప్పచ్చ కారు

రాజేంద్ర కారు ఊళ్లోకి వస్తోందంటే ఊరేగింపు దేవుడు వస్తున్నట్టే. ముందు నలుగురు నడవాలి, దారిలో రాళ్లు ఏరాలి, గుంతలు పూడ్చాలి. పుంగనూరు రోడ్డు దిగి దిన్నెపల్లె మట్టిబాటలోకి మళ్లేచోట చిన్న కల్వర్టు ఒకటుంది. దాన్ని ఎద్దులబండి దాటుతుంది, టమోటా లారీ దాటుతుంది, చూలు మేక కూడా దాటుతుంది. రాజేంద్ర పసుప్పచ్చ కారు మాత్రం దాటదు. దాని పొట్ట నేలకు బెత్తెడు ఎత్తున ఉంటుంది. అందుకని వచ్చిన ప్రతిసారీ కల్వర్టుకు అటూ ఇటూ చెక్కపలకలు పరచాలి. ఇద్దరు మనుషులు చక్రాల పక్కనే వంగి నడుస్తూ, "రానీ, రానీ, ఆపాపు!" అని అరవాలి. అప్పుడుగాని దొరగారు ఊళ్లో కాలు పెట్టరు.

కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున ఆదెమ్మ మల్బరీ తోట గట్టున నిలబడి ఆ తతంగమంతా చూసింది. పక్కనే ఆకు కోస్తున్న సిద్దమ్మ కొడవలి ఆపి నోరు తెరిచింది. సిద్దమ్మది పక్కిల్లు. ఆదెమ్మ మొగుడు పోయినప్పటి నుంచీ తోటపనికీ మాటకీ ఆవిడే తోడు.

"దాంట్లో ఇద్దరే పడతారంట గదా అక్కా?"

"ఇద్దరు పడతారు గాని కూసోరు, పండుకుంటారు. ఎక్కాలంటే ముందు కాలు దూర్చల్ల, మళ్ల నడుము, కడాకు తల. కోడిని గంపకింద మూసినట్టు," అంది ఆదెమ్మ.

"అంత డబ్బు పెట్టి పండుకునేదానికి మంచం లేకపాయనా ఆ పిల్లోడికి!"

రాజేంద్ర ఆదెమ్మకు బావ కొడుకు. మదనపల్లెలో టమోటా మండీ నడుపుతాడు. ఒక ఏడు టమోటాకు బంగారం ధర పలికింది. ఆ ఏడు బుద్ధిమంతులు బోర్లు వేయించుకున్నారు, కూతుళ్లను చదివించుకున్నారు. రాజేంద్ర బెంగుళూరు పోయి, ఎవరో వాడి వదిలేసిన ఈ పందెం కారును కొని తెచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు పెద్దలు. మదనపల్లె సందుల్లో అది తిరగదు. స్పీడు బ్రేకరు వస్తే దిగి చూసుకోవాలి. కట్టుకున్న ఇంటి ముందు వాలు నిటారుగా ఉందని ఇంట్లోకి కూడా ఎక్కదు. మండీలో టమోటా బాక్సుల నడుమ దానికి చోటు పెడితే, ఒకనాడు కుళ్లిన కాయల రసం దానిమీద కారిందని రాజేంద్ర అన్నం మానేశాడట. తండ్రికి ఒళ్లు వేడెక్కినప్పుడు కూడా మానలేదు.

ఇప్పుడు చలికాలం వచ్చింది. దానితోబాటు కొత్త పిచ్చి కూడా వచ్చింది. ఎక్కడో మంచు మోకాళ్లెత్తు పడే దేశాల్లో ఇలాంటి కార్లకు చలికాలంలో ఏమేం చేయాలో రాజేంద్ర ఫోనులో చూసి నేర్చుకున్నాడు. మొదట మంచులో జారని టైర్లు బెంగుళూరు నుంచి తెప్పించి వేయించాడు. ఇంజనులో నీళ్లు గడ్డకట్టకుండా ఏదో నీలంరంగు మందు పోయించాడు. ఆ ఏర్పాట్లన్నీ చేసుకుని, చెవుల దాకా టోపీ లాక్కుని, తెల్లారుజామున హార్సిలీ కొండెక్కి దిగాడు. కొండమీద ఆరోజు కాస్త పొగమంచు ఉందట. దారి పక్కన టీ అమ్ముకునే ఆమె పైట కూడా కప్పుకోలేదట.

ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఆదెమ్మ కూడా నవ్వింది. తన గడపదాకా రానంతవరకు ఎవరి పిచ్చయినా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది.

ఆరోజు కారు తన తోటవైపే వచ్చి ఆగింది. లోపలి నుంచి ముందు కాళ్లు, తర్వాత పొట్ట, చివరికి రాజేంద్ర బయటపడ్డాడు. వాడితోబాటు మనోజ్ అని బెంగుళూరు స్నేహితుడొకడు దిగాడు. గడ్డం నున్నగా దువ్వుకుని, చేతిలో ఫోను దీపంలా పట్టుకుని ఉన్నాడు. ఇద్దరి ఒంటి మీంచీ సెంటు వాసన గుప్పున కొట్టింది.

"చిన్నమ్మా, నీ షెడ్డు రొంత సూడాల," అన్నాడు రాజేంద్ర.

"సూడప్పా. బయటనుంచి సూడు. ఆ సెంటుతో లోపలికి మాత్రం పోవొద్దు. నిన్ననే సున్నమూ బ్లీచింగూ చల్లి శుద్ధి చేసినా. శుక్రవారం పురుగులొస్తాండాయి."

ఆ షెడ్డే ఆదెమ్మకు ఉన్న ఒక్క ఆధారం. మొగుడున్నన్నాళ్లు ఇద్దరూ పాత ఇంటి నడవలో తట్టలు పెట్టి పట్టుపురుగులు మేపారు. నడవలో చలిగాలి ఆగదు, ఎండ ఆగదు, బల్లులు ఆగవు. ఒక పంట చేతికొస్తే ఒక పంట పోయేది. అతను పోయాక ఆదెమ్మ పట్టుబట్టి ఈ షెడ్డు కట్టించుకుంది. గోడలు, వలకిటికీలు, వాటికి బయటివైపు గోనెపట్టలు, లోపల గోడకు బిగించిన హీటరు, వేడినీ తేమనూ చూపించే మీటరు అన్నీ ఉన్నాయి. షెడ్డొచ్చాక పంట పోలేదు. పంట పోలేదు కాబట్టి బావగారింటి పొయ్యిమీద ఎసరు కోసం ఆమె చేయి చాచనక్కరలేకపోయింది. కుప్పంలో చాకీ సెంటరు నడిపే శ్వేత పిల్లపురుగులను రెండో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, దాటేవరకు తన దగ్గరే సాకి, ఆ తర్వాత వ్యానులో పంపుతుంది. ఆ శుక్రవారం వచ్చేవి చలికాలపు పంట. తోటలో ఆకు కోతకు తయారుగా ఉంది. అది ముదిరితే పురుగు ముట్టదు.

రాజేంద్ర వలకిటికీలోంచి తొంగిచూశాడు. మీటరు చూశాడు, హీటరు చూశాడు, గోనెపట్టలు చూశాడు. గుళ్లో దేవుణ్ణి చూసినట్టు కళ్లు మూసి తెరిచాడు.

"రేయ్ మనోజూ! ఇదేరా! క్లైమేట్ కంట్రోల్! బెంగుళూర్లో ఇట్లాంటి గరాజు కావాలంటే యాడ దొరుకుతాది?"

"సూపర్ బ్రో," అన్నాడు మనోజ్.

"చిన్నమ్మా, సంక్రాంతి దాకా నా బండిని దీంట్లో పెడతా. ఈ చలికి బయట పెట్టే వస్తువు కాదది."

ఆదెమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. "బండికి సలేస్తాదా అప్పా? జొరమొచ్చిందా, చెయ్యి పెట్టి సూస్తివా? అల్లం కషాయం కాసిస్తా, తాగించు."

"నవ్వాక చిన్నమ్మా. నీకు తెలీదు. ఇట్లాంటి బండ్లను చలికాలంలో పండుకోబెట్టల్ల. అదొక పద్ధతి."

"పండుకోబెట్టుకో. మీ మేడమీద పండుకోబెట్టుకో. నా షెడ్డులో పురుగులుంటాయి."

రాజేంద్ర ముఖం ముడుచుకుంది. "స్థలం ఉమ్మడిది గదా," అని మెల్లగా అన్నాడు. ఆ మాట అంటాడని ఆదెమ్మకు తెలుసు. మెల్లగా అనే మాటలే ఆ ఇంట్లో గట్టి మాటలు.

పంచాయతీ కృష్ణప్ప అరుగు మీదికి పోయింది. కృష్ణప్ప ఆదెమ్మకు బావ, మొగుడి అన్న, రాజేంద్ర తండ్రి. ఆ ఇంట్లో మరదలు బావకు ఎదురుపడి మాట్లాడే ఆచారం లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆదెమ్మ బావ ముఖం తిన్నగా చూసింది లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు చాటున నిలబడి వసారా స్తంభానికి చెప్పాలి. ఆయన కూడా జవాబు స్తంభానికే చెబుతాడు. ఆ టేకుస్తంభం రెండు తరాల మాటలు మోసి నల్లబడి ఉంది. నోరుంటే అదే సగం తగవులు తీర్చేది.

"స్తంభమా," అన్నాడు కృష్ణప్ప గొంతు సవరించుకుని, "పిల్లోడు ముచ్చటపడి కొనుక్కున్న బండి. ఒక్క పంట ఆగితే కొంపేం మునగదని చెప్పు."

"స్తంభమా," అంది ఆదెమ్మ తలుపు చాటునుంచి, "గుడ్డు పగిలిన పురుగు ఎనక్కి గుడ్డులోకి పోదని చెప్పు. కుప్పంలో శ్వేతమ్మ మేపతాండాది. శుక్రవారం వ్యానెక్కుతాయి."

"పాత ఇంటి నడవలో మేపుకోమను. తమ్ముడు ఉన్నప్పుడు ఆడనే గదా మేపింది."

"ఆ నడవలో ఎన్ని పంటలు పోయినాయో స్తంభానికి ఎరికే గదా!"

"మా మాటకు ఇలవ లేదా అని అడుగు!"

స్తంభం ఏమీ అడగలేదు. ఆదెమ్మ పళ్లు కొరుక్కుంటూ వెనక్కి తిరిగింది. బావ ఆ మాటన్నాక ఇక ఆ గడపమీద ఎవరూ నోరెత్తరు. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు అన్నట్టుంది ఆ ఇంటి ధర్మం. ఆమె ఇంటికిపోయి శ్వేతకు ఫోన్ చేసింది. పురుగుల్ని కొన్నాళ్లు ఆపగలవా అని అడిగింది.

"ఆదెమ్మక్కా, అవి ఆకు తింటాండాయి, ఆగమంటే ఆగతాయా? షెడ్డేమాయ?"

"షెడ్డులో మా అబ్బోడు కారును మేపతాండాడు," అని ఫోను పెట్టేసింది.

బుధవారం కారును పడుకోబెట్టే కార్యక్రమం మొదలైంది. ఊళ్లో పనిలేని వాళ్లంతా వచ్చి షెడ్డు చుట్టూ కూర్చున్నారు. పనున్నవాళ్లు కూడా వచ్చారు. మనోజ్ ఫోను చూసి చదువుతాడు, రాజేంద్ర చేస్తాడు.

మొదట స్నానం. బకెట్లకొద్దీ నీళ్లు, సీసాల్లో వాసన సబ్బు, తుడవడానికి కుక్కపిల్ల ఒళ్లంత మెత్తటి గుడ్డలు. చక్రాల సందుల్లో పళ్లు తోమే బ్రష్షుతో తోమారు. "వాళ్లమ్మకు కాలిరిగి మంచంలో ఉన్నప్పుడు ఈ పిల్లోడు చెంబుడు నీళ్లు ముంచిచ్చినాడా?" అని సిద్దమ్మ అడిగింది. "యాడ! అప్పుడు వీడికి మండీలో నిండా పని," అంది ఆదెమ్మ.

స్నానమయ్యాక మైనం పూశారు. అద్దంలా మెరిసింది. ఆ అద్దంలో తన గడ్డాన్ని చూసుకుని మనోజ్ ఒకసారి దువ్వుకున్నాడు. తర్వాత నిండా పెట్రోలు పోశారు. కదలని బండికి కడుపునిండా పెట్రోలెందుకో ఆదెమ్మకు తెలియలేదు. అడిగితే, ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పడుతుందని మనోజ్ చెప్పాడు. తర్వాత బ్యాటరీ విప్పి, పట్టుగుడ్డలో చుట్టి, కృష్ణప్ప ఇంటి దేవుడి గదిలో పీటమీద పెట్టారు. ఆరోజు అత్తగారింటికి వచ్చిన నీలిమ, రాజేంద్ర పెళ్లాం, దానికి కూడా కాస్త పసుపు కుంకుమ పెట్టిందట. ఆ అమ్మాయికీ మొగుడంటే నవ్వే గాని, నవ్వే తీరు వేరు.

తర్వాత జాకీతో ఎత్తి, చక్రాలు నేలకు ఆనకుండా ఇనప స్టాండ్ల మీద నిలబెట్టారు. నెలలపాటు ఒకేచోట నిలబడితే టైరు ఒకపక్క అణిగిపోతుందట. పొగగొట్టాల్లో ఎలుకలు దూరకుండా గుడ్డలు కుక్కాలి అన్నాడు మనోజ్. రాజేంద్ర అటూ ఇటూ చూసి, దండెంమీద ఆరేసిన ఆదెమ్మ పాత చీర లాగి, చించబోయాడు.

"ముట్టుకుంటే చెయ్యి ఇరుగుతాది," అంది ఆదెమ్మ. "కావల్సొస్తే నీ పంచె కుక్కుకో."

అందరూ నవ్వారు. రాజేంద్ర మనోజ్ చేతిగుడ్డలు కుక్కాడు. లోపలంతా కలరాగుండ్లు చల్లాడు. ఆ వాసనకు ఆదెమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అది చీరల పెట్టెలో పురుగును చంపే మందు. పురుగును బతికించే గదిలో దాన్ని చల్లుతున్నాడు.

చివరికి కారుమీద మెత్తటి ముసుగు కప్పి, రాజేంద్ర మీటరు ముందు నిలబడ్డాడు.

"చిన్నమ్మా, పురుగులకు వేడి ఎంత పెడతావు, తేమ ఎంత పెడతావు?"

ఆదెమ్మ చెప్పింది. వాడు అలాగే తిప్పాడు.

"తేమ యాలప్పా దీనికి? ఇనుము గదా. తడి నేలలో పారేసిన పలుగు తుప్పు పట్టదా?"

"ఇది పలుగు కాదు చిన్నమ్మా, ఫారిన్ ఇనుము! వీడియోలో వాడు ఏం చెప్పినాడు? వేడీ తేమా రెండూ కంట్రోల్లో ఉండాల అన్నాడు. ఈడ రెండూ ఉండాయి. రవ్వంత పురుగు, ఊదితే చచ్చేది, అదే ఈ గదిలో సుఖంగా బతకతాంటే నా బండికేం తక్కువ? నువ్వు పురుగులకు ఎట్ల చేస్తావో అట్లనే చెయ్యి. రెండు పూట్లా బయటనుంచి గోనెపట్టలు తడుపు. మరిసిపోవాకు."

"అట్లనే అప్పా. పురుగుకు చేసినట్టే చేస్తా," అంది ఆదెమ్మ. చెప్పాల్సింది చెప్పింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నవాడికి రోకలి అందివ్వడమే మిగిలింది. రాజేంద్ర తలుపుకు తాళం వేసి, తాళంచెవి తండ్రి చేతికిచ్చి, స్నేహితుడి బండెక్కి మదనపల్లె వెళ్లిపోయాడు. కృష్ణప్ప ఆ చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. పిల్లపురుగులు బాగున్నాయి, తెల్లగా చురుగ్గా ఉన్నాయి. ఆదెమ్మా సిద్దమ్మా పాత ఇంటి నడవలో స్టాండ్లు నిలబెట్టి, తట్టల్లో వాటిని పరిచారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. మూలల్లో కుంపట్లు పెట్టారు. కుంపటి దగ్గరున్న పురుగులకు వేడెక్కువ, వాకిలి దగ్గరున్న వాటికి చలెక్కువ. గంటకోసారి తట్టలు మార్చాలి. ఆకు కోయాలి, వేయాలి, పెంట తీయాలి. మధ్యలో, పొద్దునా సాయంత్రం, షెడ్డు దగ్గరికి పోయి కారుకోసం గోనెపట్టలు తడపాలి. లోపల హీటరు సన్నగా రొద చేస్తూ ఉండేది. గోడకు చెయ్యానిస్తే వెచ్చగా తగిలేది.

"ఈ గోడకు ఒళ్లానించి పండుకుంటే బాగుండక్కా," అంది సిద్దమ్మ.

"పండుకో. కాకుంటే ముందు పసుప్పచ్చ రంగు పూసుకో. అట్లయితేనే ఈ ఇంట్లో మర్యాద."

మార్గశిరంలో సముద్రంమీద తుఫాను పుట్టింది. ఆ తుఫాన్లు ఎక్కడో తీరాన్ని కొడతాయి, ఇక్కడ మాత్రం ముసురు పట్టిస్తాయి. సూర్యుడు కనిపించకుండా పోయాడు. సన్నటి తుంపర, ఈదరగాలి. కుంపట్లో బొగ్గు ఎంత వేసినా నడవ వెచ్చబడలేదు. అప్పటికే పురుగులు నాలుగో జ్వరంలోకి దిగాయి. తలలెత్తి కదలకుండా ఉండే వేళ అది. వేడి ఉంటే అన్నీ ఒక్కసారిగా లేచి ఆకుమీద పడతాయి. చలికి కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. లేచినవి కూడా ఆకు అంచు కొరికి వదిలేస్తున్నాయి. వాకిలి పక్క తట్టలో పురుగులు మెత్తబడి నల్లబడటం ఆదెమ్మ చూసింది. ఆ తట్టను ఎత్తుకుపోయి గుంతలో పోసి సున్నం చల్లింది. మరునాడు ఇంకో తట్ట పోయింది.

గుంత దగ్గరనుంచి వస్తూ ఆమె షెడ్డు ముందు ఆగింది. లోపల హీటరు రొద. కిటికీ సందులోంచి వెచ్చటి ఆవిరి ముఖానికి తగిలింది. తడపాల్సిన గోనెపట్టలు ఆమె కోసం వేలాడుతున్నాయి. బకెట్టు ఎత్తబోయి, మళ్లీ కింద పెట్టేసింది. చేతులకు సున్నం అలాగే ఉంది. కడుక్కోకుండానే బావ ఇంటివైపు నడిచింది.

కృష్ణప్ప అరుగుమీద గొంగడి కప్పుకుని, కుంపటి ముందు చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు. ఆదెమ్మ తలుపు చాటుకు పోలేదు. మెట్లెక్కి ఎదురుగా వచ్చి నిలబడింది. కృష్ణప్ప కంగారుగా తల తిప్పుకుని స్తంభం కోసం చూశాడు. స్తంభం పక్కనే ఉంది గాని, ఆ పూట దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"మీకు సలేస్తాందా బావా?" అంది ఆదెమ్మ.

మరదలి గొంతు తన ముఖంమీదికి రావడం ఆయనకు అదే మొదలు. గొంగడి సర్దుకున్నాడు.

"నా పురుగులకూ ఏస్తాంది. ఈ ఇంట్లో సలెయ్యంది ఒక్క మీ కొడుకు కారుకే. అది నా షెడ్డులో ఎచ్చంగా పండుకోనుండాది. నేను పొద్దున్నే లేసి దానికి నీళ్లు చల్లి వస్తాండా. ఈ చేత్తోనే రెండు తట్టల పురుగుల్ని గుంతలో పోసొస్తిని. మీ తమ్ముడు పోయినాక మీ ఇంటికొచ్చి ఒక్కనాడన్నా సోలెడు బియ్యమడిగితినా? ఈ పంట పోతే అడగల్ల. అడిగేదానికి రమ్మంటారా, తాళంచెవి ఇస్తారా?"

అటుగా పోతున్న సిద్దమ్మ మొగుడు బీడీ దాచుకున్నాడు. కృష్ణప్ప మొలతాడు తడుముకుని, తాళంచెవి విప్పాడు. విప్పిన చెవిని వంగి స్తంభం మొదట్లో పెట్టాడు.

"తీసుకోమని చెప్పు," అన్నాడు స్తంభంతో.

"స్తంభానికి చేతుల్లేవు బావా," అంది ఆదెమ్మ చేయి చాచి. "నా చేతికియ్యండి."

ఆయన మళ్లీ వంగి, చెవి తీసి, ఆమె సున్నపు చేతిలో పెట్టాడు.

ఊరంతా చూస్తుండగా ఆదెమ్మ షెడ్డు తలుపు తీసేసరికి లోపలనుంచి వచ్చిన వాసనకు ముందున్నవాళ్లు వెనక్కి తగ్గారు. కలరాగుండ్లు, తడిచిన తోలు, ముక్కిన గోతం కలిసిన వాసన. ముసుగు లాగితే అది చర్మంలా అతుక్కుని వచ్చింది. కింద పసుప్పచ్చ రంగుమీద తెల్లటి మచ్చలు పొడలుపొడలుగా లేచాయి. కడిగి ఆరకముందే కప్పిన కారు లోపల, తోలు సీట్ల మీద పచ్చటి బూజు మెత్తగా మొలిచింది. అద్దాల లోపలివైపు నీటిబొట్లు కారుతున్నాయి. పళ్లు తోమే బ్రష్షుతో తోమిన చక్రాల వెనక, ఇనుమంతా ఎర్రగా తుప్పు పట్టింది. కింద నేలమీది బ్లీచింగు ఆవిరి కారు ఒంటిమీది మెరుగుబిళ్లలన్నింటినీ తినేసింది.

"ఫారిన్ తుప్పక్కా," అంది సిద్దమ్మ. "మన తుప్పు ఇంత ఎర్రగా ఉండదు."

కారును కదిలించడం తేలిక కాలేదు. బ్యాటరీ దేవుడి గదిలో ఉంది. అది తెచ్చి పెట్టడం ఎవరికీ చేతకాదు. చక్రాలు గాల్లో ఉన్నాయి. ఊళ్లో మగవాళ్లంతా కలిసి, మోకులు కట్టి, మేడిపట్టినట్టు పట్టి, స్టాండ్లమీదనుంచి దించారు. హార్సిలీ కొండెక్కిన ఆ మంచు టైర్లు పేడనేలమీద జారాయి. తోసి తోసి చింతచెట్టు కిందికి చేర్చి, టమోటా బాక్సులమీద కప్పే పట్ట ఒకటి దానిమీద పారేశారు. కృష్ణప్ప కూడా వచ్చాడు. తోయలేదు గాని, "జాగ్రత్తప్పా, జాగ్రత్త," అంటూ పక్కన నడిచాడు. ఎవరు జాగ్రత్తగా ఉండాలో, దేనికోసమో చెప్పలేదు.

ఆదెమ్మ పురుగుల్ని వెంటనే లోపలికి తేలేదు. కలరాగుండ్లు ఏరి పారేసి, నేల కడిగి, కిటికీలన్నీ తెరిచి, వాసన పోయేదాకా గాలి ఆడనిచ్చింది. ఈదరగాలి లోపలికి కొడుతుంటే ఆమె ప్రాణం నడవలో ఉన్న తట్టల మీదే ఉంది. వాసన పోకముందు తెస్తే చస్తాయి, తేకుంటే చలికి చస్తాయి. ముక్కుతో మూలమూలా వాసన చూసి, చివరికి హీటరు వేసింది. గోడలు వెచ్చబడ్డాక ఇద్దరూ తట్టలమీద గుడ్డలు కప్పి మోసుకొచ్చారు. ఆ సాయంత్రం లేత ఆకు వేశారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక పురుగు తల తిప్పింది. దాని పక్కది ఆకు ఎక్కింది. ఆదెమ్మ గోడకు చేరబడి, చూస్తూ కూర్చుండిపోయింది.

మూడోనాడు రాజేంద్ర వచ్చాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. చింతచెట్టు కింద పట్ట ఎత్తి చూసి, తలకాయ పట్టుకున్నాడు. అప్పటికే ఒక పెట్ట డ్రైవరు సీట్లో గుడ్డు పెట్టి ఉంది. కిటికీ ఎవరు తీశారో, పెట్ట ఎలా దూరిందో తెలియదు. సుఖమైన చోటని దానికీ ఎవరో చెప్పి ఉంటారు.

వాడు నేరుగా షెడ్డు దగ్గరికి వచ్చాడు. మనోజ్ వెనకే ఉన్నాడు. ఇప్పుడు వాడు ఫోను చూడటం లేదు.

"చిన్నమ్మా! ఏం చేస్తివి నా బండిని?"

"నువ్వు చెప్పిందే చేస్తినప్పా. పురుగుకు ఎట్ల చేస్తానో అట్లనే చేస్తి. ఇంగ రొన్నాళ్లు ఆగింటే గూడు గూడా కట్టేదేమో."

"తుప్పు పడతాదని ముందే చెప్పకూడదా?"

"పలుగు సంగతి చెప్తే ఏమంటివి? ఫారిన్ ఇనుమంటివి. ఆ దేశపు ఇనుముకు నా మాట అర్థం కాకపాయ, నేనేం చేసేది?"

రాజేంద్ర కోపంగా ఒక అడుగు లోపలికి వేయబోయాడు. ఆదెమ్మ వాకిట్లో చీపురు అడ్డం పెట్టింది.

"ఆడ్నే నిలబడు. సెంటు కొడతాంది. పో, బావి దగ్గర ఒళ్లు కడుక్కుని, కాళ్లు బ్లీచింగు నీళ్లల్లో ముంచి రా. అట్లయితేనే లోపలికి."

"స్థలం మాది..." అని మొదలుపెట్టాడు రాజేంద్ర.

కొడుకు వెనకే వచ్చిన కృష్ణప్ప దగ్గాడు. "కాళ్లు కడుక్కోరా," అన్నాడు. స్తంభానికి కాదు, కొడుక్కే చెప్పాడు.

రాజేంద్ర కాళ్లు కడుక్కోలేదు. లోపలికీ రాలేదు. చింతచెట్టు కిందికి పోయి, పెట్టను తోలి, గుడ్డు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మనోజ్ బ్యాటరీ తెచ్చి బిగించి, తిప్పి చూశాడు. కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. పొగగొట్టాల్లో కుక్కిన గుడ్డలు తీయడం మరిచిపోయారని సిద్దమ్మ మొగుడు చెప్పేదాకా వాళ్లకు గుర్తు రాలేదు. తీసి తిప్పినా అది లేవలేదు.

నడవలో పోయిన తట్టలు పోయినవే. మిగిలిన పురుగులు కాస్త ఆలస్యంగానైనా పండాయి. ఒళ్లు పలచబడి, పసుపురంగు తిరిగి, గూళ్లు కట్టే వెదురు చంద్రికలెక్కి తలలాడిస్తూ దారం తీశాయి. ఆదెమ్మ గూళ్లు ఏరుతూ ఉండగా కృష్ణప్ప తోటగట్టుమీద ఆగాడు. చుట్టూ స్తంభం లాంటిదేదీ లేదు. "గూళ్లు గట్టిగా ఉండాయా?" అని గాలినడిగాడు.

"ఉండాయి బావా," అంది ఆదెమ్మ ఆయన ముఖం చూసే.

అదేరోజు మదనపల్లె నుంచి టమోటా లారీ ఒకటి వచ్చింది. పసుప్పచ్చ కారును పలకలమీద తోసి పైకెక్కించి, మోకులతో కట్టారు. బెంగుళూరులో ఎవరో బాగుచేస్తారట. బాగుచేసినా, అమ్ముకున్నా, మళ్లీ ఈ ఊరికి మాత్రం తేనన్నాడట రాజేంద్ర. లారీ మట్టిబాటమీద ఊగుతూ పోయి కల్వర్టు దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ ఇద్దరు మనుషులు చెక్కపలకలు తీసుకుని పరుగెత్తారు.

ఆదెమ్మ తోటలోంచి అరిచింది. "యాలప్పా పలకలు? ఈతూరి దానికి నిజమైన బండి దొరికింది!"

లారీ ఆగకుండా దాటిపోయింది.